ఖాళీ పికప్‌కు వెనక తలుపు తీస్తే డీజిల్ మిగులుతుందా?

ఉలవపాడు నుంచి చెన్నైకి మామిడికాయలు, సపోటాలు తోలే తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పికప్ బండి లోడుతో వెళ్లేటప్పుడు లీటరుకు 11, ఖాళీగా వచ్చేటప్పుడు 13 కిలోమీటర్లకు మించి ఇవ్వడం లేదు. ఇంజను చూపిస్తే లోపమేమీ లేదన్నారు. తిరుగు ప్రయాణంలో సరుకు తొట్టికి ఉండే వెనక తలుపు తీసేస్తే గాలి సాఫీగా వెళ్లిపోయి మైలేజీ పెరుగుతుందని తోటి డ్రైవర్లు చెబుతున్నారు, కొందరు తలుపు బదులు వల కడుతున్నారు, అలా చేయవచ్చా అని.

తలుపు తీయకండి. వల కూడా కట్టకండి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు తలుపు మూసి గొళ్లెం పెట్టి నడపండి. మీ డీజిల్ పోతున్న చిల్లు అక్కడ లేదు. మీరు రాసిన వివరాల్లోనే అది కనిపిస్తోంది: ట్రేలు 5 వరుసలు పేరుస్తున్నానన్నారు, వచ్చేటప్పుడు తొట్టి మీది కమ్మీలూ వాటిపై కప్పే పట్టా (టార్పాలిన్) అలాగే ఉంటాయన్నారు, ఖాళీ బండి 90 మీద వస్తుందన్నారు. ఈ మూడింటి గురించే నేను ఎక్కువగా రాస్తాను. కానీ తలుపు సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే ఈ నమ్మకం మన వైపు చాలా గట్టిగా ఉంది.

నేను కావలిలో హైవే పక్కన 26 ఏళ్లుగా లారీలకు, పికప్‌లకు బాడీలు కడుతున్నాను. సొంత పికప్‌లు రెండు ఉన్నాయి. మొదటి పదేళ్లలో నేనూ అడిగినవారికల్లా తలుపు ఊడదీసి ఇచ్చాను, నలుగురికి ఇనుప జాలీతో తలుపులు కూడా చేసి ఇచ్చాను. గాలికి అడ్డం తీస్తే బండి తేలికగా పోతుందని నాకూ అనిపించేది. గోడలా నిలబడిన తలుపు గాలిని ఆపుతున్నట్టే కంటికి కనిపిస్తుంది మరి.

నా ఆలోచన మార్చింది మామిడి ఆకులు. లోడు దించాక తొట్టిలో ఎండుటాకులు, గడ్డి పరకలు మిగులుతాయి కదా. హైవే మీద 70లో వస్తున్నప్పుడు వెనక అద్దంలోంచి చూడండి. తలుపు మూసి ఉంటే అవి వెనక్కి ఎగిరిపోవు. తొట్టి నేల మీద ముందుకు పాకుతూ వచ్చి క్యాబిన్ వీపు దగ్గర పోగవుతాయి, అక్కడ సుడి తిరుగుతాయి. బండి ముందుకు పోతుంటే ఆకులు కూడా ముందుకే ఎందుకు వస్తున్నాయని నేను చాలాకాలం పట్టించుకోలేదు. అసలు కీలకం అదే.

క్యాబిన్ పైకప్పు దాటిన గాలి తొట్టిలోకి నేరుగా దిగదు. పైనుంచే సాగి, తలుపు పై అంచు దగ్గరకు వచ్చి, అక్కడి నుంచి వెనక్కి జారిపోతుంది. ఆ ప్రవాహానికి కింద, తొట్టి లోపల, ఒక గాలి ముద్ద చిక్కుకుని నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది: పైన వెనక్కి, తలుపు దగ్గర కిందికి, నేల మీద ముందుకు. ఆకులు ముందుకు రావడం అందుకే. పైన వేగంగా పోయే గాలికి ఆ ముద్ద ఒక మెత్తటి మూతలా పనిచేస్తుంది. తలుపు తీశారంటే మూత చెదిరిపోతుంది. పైగాలి క్యాబిన్ వెనక ఒక్కసారిగా కిందికి పడుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, క్యాబిన్‌ను వెనక్కి పీల్చే బలం పెరుగుతుంది. వల కట్టినా అంతే. గాలి వల రంధ్రాల్లోంచి కారిపోతుంది కాబట్టి ముద్ద నిలవదు, పైగా వల పోగులు వాటి వంతు అడ్డు అవి పెడతాయి.

ఇది నా ఊహ కాదు. పికప్ బండ్లు ఎక్కువగా తిరిగే ఉత్తర అమెరికాలో ఈ వాదన చాలాకాలం నడిచింది. విండ్ టన్నెల్‌లో, అంటే బండిని నిలబెట్టి పెద్ద పంకాలతో గాలి తోలి దాని మీద పడే బలాన్ని కొలిచే సొరంగంలో, పరీక్షించి చూశారు. కెనడా జాతీయ పరిశోధన మండలి నుంచి 2004లో వెలువడిన పరిశోధన కూడా తలుపు మూసి ఉంచమనే చెప్పింది. అక్కడి బండ్ల తొట్టి, మన బండ్ల తొట్టి ఒకటి కాదు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అనుకుని మా బండికి ఊలు పోగులు అంటించాను. బెత్తెడు పొడవు ఊలు దారం ముక్కలను తలుపు లోపలి వైపు, తొట్టి నేల మీద, క్యాబిన్ వీపు మీద టేపుతో అంటించి, తెల్లవారుజామున గాలి లేని సమయంలో హైవే మీద నడిపాను. మా అల్లుడు పక్క వరుసలో కారులో వస్తూ ఫోనుతో వీడియో తీశాడు. తలుపు మూసినప్పుడు నేల మీది పోగులు క్యాబిన్ వైపు తల తిప్పి నెమ్మదిగా ఊగాయి. తలుపు తీసినప్పుడు ఒక్క పోగూ కుదురుగా లేదు, అన్నీ పిచ్చిపట్టినట్టు కొట్టుకున్నాయి. అలా కొట్టుకునే గాలిలో పోయేదంతా మన డీజిలే. తరువాత కావలి నుంచి నెల్లూరుకు వెళ్లి రావడం తలుపుతో మూడుసార్లు, తలుపు లేకుండా మూడుసార్లు చేశాను. తేడా పెద్దది కాదు, కానీ తలుపు తీసినప్పుడు ఒక్కసారి కూడా మెరుగు కనిపించలేదు.

ఇక అసలు ఖర్చు దగ్గరకు వద్దాం. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు. మీ బండిలాంటి పికప్‌కు ముందు నుంచి చూసినప్పుడు కనిపించే వైశాల్యం 3 చదరపు మీటర్లు, బండి ఆకారం గాలికి ఎంత అడ్డో చెప్పే నిరోధ గుణకం 0.5 అనుకుందాం. మన ఎండల్లో ఘనపు మీటరు గాలి సుమారు 1.15 కిలోలు తూగుతుంది. ఈ లెక్కన 40 కిలోమీటర్ల వేగంలో గాలి బండిని 11 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. 60లో 24 కిలోలు. 80లో 43. 100లో 68. టైర్లు రోడ్డును రాసుకోవడం వల్ల కలిగే నిరోధం మాత్రం వేగంతో పెద్దగా మారదు, బరువును బట్టి ఉంటుంది: ఖాళీ బండికి సుమారు 22 కిలోలు, లోడుతో కలిపి 3 టన్నులు దాటిన బండికి 37 కిలోలు. అంటే ఖాళీ బండి 60 దాటిన క్షణం నుంచి మీరు టైర్ల కంటే గాలికే ఎక్కువ చెల్లిస్తున్నారు. బరువు లేదు కదా, తొక్కితే ఏమవుతుంది అనుకుని ఖాళీ బండిని పరిగెత్తించే ప్రతి డ్రైవరూ ఇక్కడే నష్టపోతున్నాడు. బరువు దిగింది నిజమే, కానీ గాలి దిగలేదు.

లీటరు డీజిల్‌లో ఉన్న శక్తిలో 30 శాతం చక్రాలకు చేరుతుందనుకుంటే, 100 కిలోమీటర్ల దూరానికి ఒక్క గాలి కోసమే 70 వేగంలో 3 లీటర్లు, 80లో 4 లీటర్లకు కొంచెం తక్కువ, 90లో 5 లీటర్లు పోతాయి. మీకు చెన్నై సుమారు 260 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో 90 బదులు 70లో వస్తే 5 లీటర్లు మిగలాలి. ఇంటికి చేరడం 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సరుకు వాహనాలకు నాలుగు వరుసల రహదారి మీద గరిష్ఠ వేగం ఎలాగూ 80 మాత్రమే. 90 నుంచి 80కి దిగినా దాదాపు 3 లీటర్లు మిగులుతాయి, ఆలస్యం 20 నిమిషాల పైచిలుకు. ఇవి సమతలం మీద ఒకే వేగంతో పోయే బండికి వేసిన లెక్కలు. టోల్ గేట్లు, ఊళ్లు, గేర్లు మార్చడం కలిస్తే అంకెలు కొంత మారతాయి, కానీ వేగానికీ గాలికీ మధ్య ఉన్న నిష్పత్తి మారదు.

లోడు ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే మీరు దాన్ని రోజూ మీ చేతులతోనే పేరుస్తున్నారు. మామిడి ట్రే ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. తొట్టి నేల మీద 4 వరుసలు పేరిస్తే క్యాబిన్ ఎత్తుకు కొంచెం పైకి వస్తుంది. అయిదో వరుస పెట్టి పైన పట్టా కప్పితే క్యాబిన్ మీద దాదాపు అర మీటరు గోడ లేస్తుంది. తొట్టి వెడల్పుతో గుణిస్తే 0.8 చదరపు మీటర్లు. అంటే గాలికి ఎదురయ్యే వైశాల్యం పావు వంతుకు పైగా పెరిగినట్టే. 80 వేగంలో ఆ ఒక్క గోడ 100 కిలోమీటర్లకు లీటరు డీజిల్ తాగుతుంది. అలాగని అయిదో వరుస వదిలేయమని చెప్పను. సీజన్లో ప్రతి ట్రేకూ బాడుగ ఉంటుంది, ఆ లెక్క నాకు తెలుసు.

క్యాబిన్ వెనకే ఉన్న మొదటి వరుసలో పైన ఒక్క అంతస్తు తగ్గించండి. ముందు 4, దాని వెనక నుంచి 5. మూడో నాలుగో ట్రేలు తగ్గుతాయి, అంతే. పట్టా అక్కడ నిలువు గోడలా కాకుండా ఏటవాలుగా వస్తుంది, గాలి దాని మీదుగా పైకి ఎక్కి పోతుంది. ఇంకో మాట. ట్రేలను క్యాబిన్ వీపుకు ఆనించి పేర్చండి. వెనక నుంచి దించడం సులువని చాలామంది ముందు జానెడో మూరెడో ఖాళీ వదిలేస్తారు. ఎత్తు లోడుకూ క్యాబిన్‌కూ మధ్య సందు ఉంటే గాలి అందులో పడి సుడి తిరుగుతుంది, పక్కగాలి వీచే రోజున అది మరీ ఎక్కువ.

ఎప్పుడూ ఎత్తు లోడే తోలేవారికి క్యాబిన్ పైకప్పు మీద ఏటవాలు రేకు బిగించుకోమని చెబుతాను. పెద్ద కంటైనర్ లారీల నెత్తిన మీరు చూసే ఉంటారు. కానీ దాని పై అంచు లోడు ఎత్తుకు సరిపోవాలి. లోడు లేనప్పుడు అదే రేకు కొత్త అడ్డంకి అవుతుంది. అందుకే నేను చేసేవి మడతపెట్టి పడుకోబెట్టే రకం. మీలాగా వెళ్లేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా తిరిగే బండికి మడవని రేకు పెట్టించుకుంటే వెళ్లేటప్పుడు సంపాదించింది వచ్చేటప్పుడు పోగొట్టుకుంటారు.

పట్టా విషయంలో నాకు నిజంగా బాధ కలుగుతుంది. హైవే మీద రోజూ చూస్తాను: ఖాళీ బండి, కమ్మీల మీద పట్టా, ముందు వైపు తాళ్లు వదులు, వెనక వైపు మూసి ఉంటుంది. గాలి ముందు నోట్లోంచి దూరి పట్టాను ఉబ్బిస్తుంది. తిరగేసిన గొడుగు పట్టుకుని ఎదురుగాలిలో నడిచినట్టే. ఆ డ్రైవరు తరువాత డీజిల్ పంపు దగ్గర కొలత తక్కువ పోశారని గొడవ పడతాడు. చెన్నైలో లోడు దించాక పది నిమిషాలు కేటాయించి పట్టా విప్పి, మడిచి, తొట్టిలో క్యాబిన్ వీపు దగ్గర పెట్టి కట్టేయండి. కమ్మీలు ఊడదీసే రకమైతే వాటినీ తీసి నేల మీద పరచండి. గుండ్రటి కమ్మీలు సన్నగా ఉన్నాయని తేలికగా తీసుకోవద్దు. గాలిలో అడ్డంగా నిలిచిన గుండ్రటి కడ్డీ దాని సన్నదనానికి తగ్గంత కాదు, అంతకు మించి అడ్డు పెడుతుంది.

లోడు మీద పట్టా ఉన్నప్పుడు అది కొట్టుకోకూడదు. టపటపమని చప్పుడు వినిపిస్తోందంటే ప్రతి చప్పుడుకూ కొంత డీజిల్ పోతున్నట్టే. పక్కల్లో కొక్కేల మధ్య దూరం ఎక్కువైతే తాడు ఎంత బిగించినా మధ్యలో ఉబ్బుతుంది. నేను అడుగుకొక కొక్కెం వేస్తాను. ఖర్చు తక్కువ, పట్టా కూడా రెండింతలు కాలం వస్తుంది. లోడు క్యాబిన్ కంటే కిందే ఉన్న రోజున తొట్టి మీద పట్టాను బల్లపరుపుగా, డోలు మీద తోలులా బిగించి కప్పితే మూసిన తలుపు చేసే మేలే మరికొంత పెరుగుతుంది.

రొయ్యలు, చేపలు తోలేవారు కూడా ఇది చదువుతుంటే వారికి ఒక మాట. తొట్టిలో పెట్టె బాడీ కట్టించుకునేటప్పుడు ముందు మూలలు కత్తిరించినట్టు పదునుగా ఉండనివ్వకండి. 1970లలో అమెరికాలో నాసా ఇంజనీర్లు ఒక వ్యానుకు అల్యూమినియం రేకులు తొడిగి అచ్చంగా చెప్పుల పెట్టెలా తయారుచేసి పరీక్షించారు. తరువాత దాని అంచులు, మూలలు గుండ్రంగా చేసి మళ్లీ నడిపితే గాలి నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. బండి అదే, బరువు అదే, ఇంజను అదే. మూలలు మాత్రమే మారాయి. పదును మూల దగ్గర గాలి పక్కగోడను అంటిపెట్టుకుని సాగలేక ఊడిపోయి దూరంగా చిమ్ముతుంది, దాంతో గాలికి బండి ఉన్నదాని కంటే వెడల్పుగా అనిపిస్తుంది. గుండ్రటి మూలను గాలి పట్టుకుని తిరుగుతుంది. మన పెట్టెకు ముందు క్యాబిన్ ఉంటుంది కాబట్టి అంత లాభం రాదు, కానీ క్యాబిన్ కంటే పైకి లేచిన భాగానికి, పక్కలకు పొడుచుకొచ్చిన భాగానికి ఈ మాట పూర్తిగా వర్తిస్తుంది. నేను ముందు నిలువు మూలలకూ పై అంచుకూ కనీసం జానెడు వంపు ఇస్తాను. రేకు వంచడానికి ఒక పూట పని పెరుగుతుంది. వంపు వల్ల లోపల చోటు పోతుందని వాదించేవారు చాలామంది ఉన్నారు. లోపల ఎటూ మూలల్లో పెట్టె పట్టదు, ఐసు ముక్కలే నింపుతారు.

గాలి మన చేతిలో లేదు కానీ దాని వేళలు మనకు తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, సాయంత్రానికి దక్షిణపు పైరగాలి. ఒంగోలు నుంచి తడ వరకు మన హైవే తీరం వెంట ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. కాబట్టి మామిడి సీజన్లో సాయంత్రం చెన్నై వైపు లోడుతో బయలుదేరితే అది మీకు ఎదురుగాలి. 70 వేగంలో వెళుతుంటే 20 వేగంతో ఎదురుగాలి వీచినా బండి 90 గాలిని చీల్చుకుపోతున్నట్టు లెక్క, అంటే నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాయ ఎలాగూ చల్లవేళ ప్రయాణం చేస్తేనే మంచిది. రాత్రి పొద్దుపోయాక బయలుదేరి తెల్లవారే సరికి మార్కెట్‌కు చేరేలా చూసుకుంటే కాయకూ మేలు, డీజిల్‌కూ మేలు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో లెక్క తిరగబడుతుంది, ఖాళీగా వచ్చేటప్పుడు ఎదురుగాలి తగులుతుంది. ఆ రోజుల్లో ఇంకో పది తగ్గించి నడపండి.

చిన్న విషయాలు తొందరగా చెప్పేస్తాను. క్యాబిన్ మీద క్యారియర్ వాడకపోతే తీసేయండి. ముందు ఇనుప గార్డు మైలేజీ సంగతి పక్కన పెట్టినా నిబంధనలకు విరుద్ధం. చలి దేశాల్లో రేడియేటర్ ముందు జాలీ మూసి గాలి అడ్డు తగ్గించుకుంటారని ఎక్కడో చూసి, మన దగ్గర అట్ట ముక్క పెట్టిన కుర్రవాడి బండి ఒకటి మా షెడ్డుకు వచ్చింది. మే నెలలో నెల్లూరు ఎండకు ఆ పని చేస్తే ఇంజను ఉడికిపోతుంది, ఎప్పుడూ చేయకండి. టైర్లలో గాలి వారానికోసారి, చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి.

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర్లేదు, మీరే కొలవండి. ఒకే పంపులో, ఒకే గొట్టం దగ్గర, బండి సమతలంగా నిలబెట్టి ట్యాంకు నిండుగా పోయించండి. నురగ దిగేదాకా ఆగి మళ్లీ నింపాలి, డీజిల్‌కు నురగ ఎక్కువ, అక్కడే లీటరు తేడా వస్తుంది. మొదటి మూడు ట్రిప్పులు ఇప్పుడు నడుపుతున్నట్టే నడిపి రాసుకోండి. తరువాత మూడు ట్రిప్పులు వెళ్లేటప్పుడు ముందు వరుస తగ్గించి పట్టా బిగించి, వచ్చేటప్పుడు పట్టా విప్పి తలుపు మూసి, 70 దాటకుండా నడపండి. ఒక్క ట్రిప్పు చూసి నిర్ణయానికి రావద్దు, ఒక్క రోజు గాలి మారితే అంకె మారిపోతుంది. మీటరు రీడింగు, పోసిన లీటర్లు, బయలుదేరిన వేళ, ట్రేల సంఖ్య ఒక నోటు పుస్తకంలో పెట్టండి. ఖాళీ బండి 16 దాటకపోతే ఆ పుస్తకం తీసుకుని కావలి షెడ్డుకు రండి. అప్పుడు బ్రేకులు పట్టేస్తున్నాయేమో, చక్రాల అమరిక తప్పిందేమో ఇద్దరం కూర్చుని చూద్దాం.